తార్యా తురునెన్ ‘మై వింటర్ స్టార్మ్’: బ్యాండు నుంచి బయటికి వచ్చిన గొంతును ఎలా వినాలి?

ప్రశ్న – నిజామాబాద్ శ్రోత

ఫిన్లాండ్ మెటల్ బ్యాండు నైట్‌విష్ పాటలను నేను 2004 నాటి ‘వన్స్’ ఆల్బంతో వినడం మొదలుపెట్టి, అక్కడి నుంచి వెనక్కి ‘సెంచరీ చైల్డ్’, ‘విష్‌మాస్టర్’, ‘ఓషన్‌బోర్న్’ వరకు వెళ్లాను. ఆ బ్యాండులో తార్యా తురునెన్ పాడిన ప్రతి పాట దాదాపు కంఠస్థమే. ఇటీవలే ఆమె 2007లో విడుదల చేసిన సొంత ఆల్బం ‘మై వింటర్ స్టార్మ్’ను మొదటి నుంచి చివరి వరకు వరుసగా విన్నాను. విన్న తరువాత మనసులో ఒక అసంతృప్తి మిగిలింది, కాని దాని కారణం ఫలానా అని చెప్పలేకపోతున్నాను. గొంతు అదే, ఆర్కెస్ట్రా ఉంది, కోరస్ బృందం ఉంది, గిటార్లూ ఉన్నాయి. అయినా ‘ఘోస్ట్ లవ్ స్కోర్’ వంటి పాటలో ఆ గొంతు వచ్చినప్పుడు కలిగే ఉద్వేగం ఇక్కడ కలగడం లేదు. పాటలు నెమ్మదిగా నడుస్తున్నాయి, గిటార్లు ఎక్కడో వెనుక ఉన్నట్టు వినిపిస్తున్నాయి, మధ్యమధ్యలో నిమిషం కూడా నిండని చిన్న ముక్కలు వచ్చిపోతున్నాయి.

నా సందేహం ఏమిటంటే, ఈ ఆల్బంలో లోపించినది ఆ బ్యాండు పాటల రచయిత తువోమస్ హోలోపైనెన్ కట్టే బాణీలేనా, లేక నేను దీన్ని నైట్‌విష్ ఆల్బంలాగా వినడం వల్ల ఇలా అనిపిస్తున్నదా? ఈ ఆల్బంను ఇష్టపడేవారు అందులో ఏమి వింటున్నారో వివరంగా చెబితే మరొకసారి విని చూస్తాను. ఎవరు మంచివారు, ఎవరు చెడ్డవారు అన్న పాత తగాదా నాకు అవసరం లేదు, పాటల గురించి చెప్పండి.

సమాధానం – కార్ల్స్‌రూహె వాసి

తగాదా వద్దన్నారు కనుక దాన్ని పక్కన పెడతాను గాని, ఆ బ్యాండులో పని ఎలా పంచుకున్నారో చెప్పకుండా ఈ ఆల్బం గురించి చెప్పడం సాధ్యం కాదు.

నైట్‌విష్ 1996లో ఫిన్లాండ్ తూర్పు సరిహద్దు దగ్గరి కితే అనే చిన్న పట్టణంలో పుట్టింది. హోలోపైనెన్ మొదట అనుకున్నది మెటల్ బ్యాండు కాదు. గిటారు, కీబోర్డు, ఒక స్త్రీ గాత్రంతో నెగడు చుట్టూ కూర్చుని పాడుకునే తరహా మెత్తని సంగీతం. గిటారుకు ఎంప్పు వూరినెన్‌ను, గాత్రానికి తురునెన్‌ను తీసుకున్నారు. శాస్త్రీయ శిక్షణలో ఉన్న ఆమె గొంతు ఆ మెత్తని సంగీతంలో ఇమడనంత పెద్దదిగా ఉండటంతో, దానికి తగ్గ బరువు కోసం డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్లు వచ్చి చేరాయి. అంటే ఆ బ్యాండు మెటల్ వైపు మళ్లడానికి ఆమె గొంతు ఒక ముఖ్య కారణం. అయితే పాటలు రాసే పని మాత్రం దాదాపు పూర్తిగా హోలోపైనెన్ చేతిలోనే ఉండిపోయింది. బాణీ ఆయనది, మాటలు ఆయనవి, ఆ మాటల్లోని బాల్యమూ సముద్రమూ ఒంటరితనమూ ఆయనవే. మన సినిమా పాటల్లో బాణీ కట్టేవారు ఒకరు, పాట రాసేవారు మరొకరు, వచ్చి పాడేవారు ఇంకొకరు అయినట్టే, దాదాపు తొమ్మిదేళ్లపాటు ఆమె గాయని స్థానంలో ఉన్నారు. తేడా ఏమిటంటే, శ్రోతలు ఆ పాటల్లోని ‘నేను’ను ఆమెగా వినడం అలవాటు చేసుకున్నారు.

2005 అక్టోబరు 21న హెల్సింకిలోని హార్ట్‌వాల్ అరీనాలో జరిగిన కచేరీతో ఆ అధ్యాయం ముగిసింది. ఆమె తానుగా వెళ్లిపోలేదన్న సంగతి గుర్తుంచుకోవాలి. కచేరీ ముగిశాక మిగిలిన నలుగురూ సంతకం చేసిన లేఖ ద్వారా ఆమెను తప్పించారు, ఆ లేఖను మరునాడు అందరూ చదివేలా వెబ్‌సైటులో ఉంచారు. ఆ తరువాత ఆమె వెంటనే మెటల్ ఆల్బం చేయలేదు. 2006లో క్రిస్మస్ పాటల ఆల్బం తెచ్చారు. ‘మై వింటర్ స్టార్మ్’ 2007 నవంబరులో వచ్చింది. కొత్త గాయని ఆనెట్ ఓల్జాన్‌తో నైట్‌విష్ చేసిన ‘డార్క్ ప్యాషన్ ప్లే’ అదే ఏడాది సెప్టెంబరు చివర విడుదలైంది. రెండు నెలల తేడాలో వచ్చిన ఈ రెండు ఆల్బంలను పక్కపక్కన పెట్టి తూకం వేయడమే అప్పట్లో అందరికీ పని అయింది. మీరు చేసినట్టు వెనక్కి వెళుతూ వినకపోయినా, అప్పటి శ్రోతలకూ ఇదే అసంతృప్తి కలిగింది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. హోలోపైనెన్ బాణీలు లేవన్నది నిజమే, కాని వాటి స్థానంలో మరొక హోలోపైనెన్ లేరన్నది అంతకన్నా ముఖ్యమైన విషయం. ఈ ఆల్బం పాటలను చాలామంది రాశారు. మొదటి సింగిల్ ‘ఐ వాక్ అలోన్’ రచనలో వ్యాక్యూమ్ అనే స్వీడిష్ పాప్ బృందానికి చెందిన మాట్టియాస్ లిండ్‌బ్లోమ్, ఆండర్స్ వోల్‌బెక్ ఉన్నారు. చాలా పాటల్లో ఆమె సహరచయిత్రి. అందువల్ల ఒక మనిషి లోపలి ప్రపంచం పాట నుంచి పాటకు పెరుగుతూ పోయే అనుభవం ఇందులో దొరకదు. దొరికేది, ఇంతకాలం ఇతరుల మాటలు పాడిన ఒక గాయని తనకు ఏవి నప్పుతాయో ఒక్కొక్కటిగా వేసుకుని చూసుకోవడం. ఆ వెతుకులాటగా వింటే ఆల్బంలోని ఎగుడుదిగుళ్లు నాకు ఇబ్బందిగా అనిపించలేదు సరికదా, దాని ఆసక్తే అక్కడ ఉందనిపించింది.

సమాధానం – మిక్సింగ్ గది

పై సమాధానం రచన గురించి చెప్పింది. నేను శబ్దం గురించి చెబుతాను, ఎందుకంటే ‘గిటార్లు వెనుక ఉన్నాయి’ అని ప్రశ్నలో అన్న మాట అక్షరాలా నిజం, అది అనుకోకుండా జరిగినది కూడా కాదు.

డిస్టార్షన్ వేసిన, అంటే శబ్దాన్ని కావాలని గరుకుగా మార్చిన గిటార్లకూ మనిషి గొంతుకూ ఒకే చోట పోటీ వస్తుంది. గాత్రంలో స్పష్టతను, మాటల అంచులను మన చెవికి అందించే భాగం సుమారు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. డిస్టార్షన్ గిటారు కొరుకుడు కూడా అక్కడే ఉంటుంది. మిక్సింగ్ చేసేవారు రెండింటికీ పూర్తి చోటు ఇవ్వలేరు. ఒకదాన్ని ముందుకు తెస్తే మరొకటి తగ్గుతుంది. హెల్సింకిలోని ఫిన్‌వాక్స్ స్టూడియోలో మిక్కో కర్మిల మిక్స్ చేసిన నైట్‌విష్ ఆల్బంలలో గిటార్లు, డ్రమ్స్ గోడలా నిలబడి ఉంటాయి, గొంతు ఆ గోడకు పైన, తారస్థాయిలో పలుకుతుంది. 1998 నాటి ‘ప్యాషన్ అండ్ ది ఆపెరా’ చివరి భాగాన్ని మళ్లీ వినండి. అక్కడ మాటలే ఉండవు, గొంతు ఒక వాద్యంలా స్వరాలు దూకుతూ పైకి పోతుంది. మాట అర్థం కావలసిన అవసరం లేదు కనుక గిటార్లతో పోటీ కూడా లేదు. మీరు ‘ఉద్వేగం’ అంటున్నది చాలావరకు ఈ ఎత్తుకూ ఆ గోడకూ మధ్య ఉన్న దూరం నుంచి పుట్టింది.

‘మై వింటర్ స్టార్మ్’ ఆ లెక్కను తలకిందులు చేసింది. నిర్మాత డేనియల్ ప్రెస్లీ మెటల్ రంగం వాడు కాదు. ఆర్కెస్ట్రా అమరికలు చేసిన జేమ్స్ డూలీ, వాతావరణ ధ్వనులు కూర్చిన మెల్ వెసన్, చెల్లో వాయించిన మార్టిన్ టిల్‌మన్ ముగ్గురూ హాలీవుడ్ సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ సినిమా సంగీతంలో పని చేసినవారు. బాస్ గిటారు లివింగ్ కలర్ బ్యాండుకు చెందిన డగ్ వింబిష్‌ది, డ్రమ్స్ ఎర్ల్ హార్విన్‌వి, గిటారు అలెక్స్ షోల్ప్‌ది. ఈ పేర్లను చూస్తేనే వారు ఏమి చేయదలచుకున్నారో తెలుస్తుంది. సినిమా నేపథ్య సంగీతంలో కింద లోతైన తీగవాద్యాలు, పైన విశాలమైన ఖాళీ, మధ్యలో ఒక గొంతు ఉంటాయి. ఇందులో గిటారు అలంకారం, పునాది కాదు. ‘ఐ వాక్ అలోన్’ను మంచి హెడ్‌ఫోన్లతో వినండి. చరణంలో ఆమె చెవి దగ్గర మాట్లాడుతున్నంత తగ్గించి, మంద్రస్థాయిలో పాడతారు. పల్లవిలో కోరస్, తీగవాద్యాలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. గిటార్లు అక్కడ ఉన్నాయి, కాని అవి లేకపోయినా పాట నిలబడుతుంది. నైట్‌విష్ పాట ‘నెమో’లో గిటార్లు తీసేస్తే పాట కూలిపోతుంది.

ఇంకొక సంగతి. ఆమె గొంతు మారిపోయిందని చాలామంది ఈ ఆల్బం మీద నింద వేస్తుంటారు. ఆ మార్పు బ్యాండులోనే మొదలైంది. ‘ఓషన్‌బోర్న్’లో వినిపించే ఆపెరా గొంతు 2002 నాటి ‘సెంచరీ చైల్డ్’లో అప్పటికే మెత్తబడింది. ‘వన్స్’ వచ్చేసరికి ‘నెమో’ వంటి పాటను ఆమె దాదాపు మామూలు రాక్ గాయనిలా, స్వరాన్ని కంపింపజేసే వైబ్రాటోను తగ్గించి పాడారు. మార్కో హియెతల 2001 చివరలో బ్యాండులో చేరాక గరుకైన మగ గొంతు ఒకటి అందుబాటులోకి వచ్చింది కనుక, వైవిధ్యం కోసం ఆమె ఒక్కరే అన్ని ఎత్తులకూ ఎక్కవలసిన అవసరం కూడా తగ్గింది. వరుసక్రమంలో విన్నవారికి ‘మై వింటర్ స్టార్మ్’ ఆ దారిలోనే తరువాతి అడుగు. మీరు వెనక్కి వెనక్కి వెళుతూ విన్నారు కనుక మీ చెవిలో చివరగా మిగిలినది ‘ఓషన్‌బోర్న్’ గొంతు. దాని పక్కన ఏది పెట్టినా తగ్గినట్టే ఉంటుంది.

సమాధానం – విజయవాడ బాసు

పై ఇద్దరూ ఆల్బం పట్ల మరీ ఉదారంగా ఉన్నారని నా అభిప్రాయం. ప్రశ్న వేసిన వారికి కలిగిన అసంతృప్తి వినే పద్ధతి వల్ల వచ్చినది కాదు, ఆల్బంలోనే దానికి కారణాలున్నాయి.

మొదటిది నిడివి. పద్దెనిమిది ట్రాకులు. వాటిలో ప్రారంభపు ముక్క, ‘సీకింగ్ ఫర్ ది రెయిన్’, ‘ది ఎస్కేప్ ఆఫ్ ది డాల్’, ‘సన్‌సెట్’ వంటివి పాటలు కావు, పాటలకు ముందు వేసిన తెరలు. ఆల్బం చుట్టూ ఒక కథా వాతావరణం కల్పించాలని అట్ట మీది ఫోటోల్లో ఆమెను మంచు రాణిగా, ఫీనిక్స్‌గా, బొమ్మగా, మరణించిన బాలుడిగా నాలుగు వేషాల్లో చూపించారు. ఆ నాలుగింటికీ తగ్గ పాటలు కూడా ఉన్నాయి. ఆలోచన మంచిదే. అయితే ఆ పాత్రలు అట్ట మీద ఉన్నంత స్పష్టంగా సంగీతంలో లేవు. ‘మై లిటిల్ ఫీనిక్స్’లో పాడుతున్నది ఫీనిక్స్ అని పేరు చూడకుండా ఎవరు చెప్పగలరు? ‘బాయ్ అండ్ ది ఘోస్ట్’ ఒక్కటి దీనికి మినహాయింపు. అందులో క్రిస్మస్ రాత్రి వాతావరణం, నెమ్మదిగా పేరుకునే భయం, చివరికి ఆర్కెస్ట్రా విచ్చుకునే తీరు కలిసి నిజంగానే ఒక చిన్న కథలా నడుస్తాయి.

రెండవది, ఆలిస్ కూపర్ 1989లో పాడిన ‘పాయిజన్’ను తిరిగి పాడటం. ఆ పాట బలమంతా దాని చవకబారు కొంటెతనంలో ఉంది. అది గొంతులో గరుకుతనం, కాస్త వెకిలితనం ఉన్నవాళ్లు పాడవలసిన పాట. ప్రతి అక్షరాన్నీ గుండ్రంగా పలికే శిక్షణ పొందిన గొంతు దాన్ని పాడితే, పాట గంభీరమైపోయి దాని రుచే పోయింది. నైట్‌విష్‌లో ఉండగా ఆమె పాడిన గ్యారీ మూర్ పాట ‘ఓవర్ ది హిల్స్ అండ్ ఫార్ అవే’తో పోల్చి చూడండి. అది కథాగీతం కనుక ఆ గొంతుకు సరిగ్గా అతికింది. పాట ఎంపికలోనే సగం పని అయిపోతుంది.

మూడవది నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆల్బంలో ‘లాస్ట్ నార్దర్న్ స్టార్’, ‘డై అలైవ్’, ‘కియరాన్స్ వెల్’ తప్పించి మిగిలినదంతా ఒకే వేగంలో, ఒకే రకమైన చీకటిలో నడుస్తుంది. ఒక్కొక్క పాట విడిగా బాగుంటుంది, ‘అవర్ గ్రేట్ డివైడ్’ అయితే చాలా బాగుంటుంది, కాని వరుసగా పెడితే ఒకదాని నుంచి ఇంకొకదాన్ని విడదీయడం కష్టమవుతుంది. ‘కియరాన్స్ వెల్’లో మాత్రం, ఐర్లండ్‌లోని స్టూడియోలో ఆ వాద్యకారులందరూ ఒకే గదిలో వాయించిన చొరవ వినిపిస్తుంది. వింబిష్ బాసు అక్కడ నిద్ర లేస్తుంది, గిటార్లు మొదటిసారి ముందుకు వస్తాయి, ఆమె కూడా గొంతు దాచుకోకుండా పాడతారు. ఆ పాటను పద్దెనిమిది ట్రాకుల ఆల్బంలో చివరికి తోయడం నాకు ఇప్పటికీ అర్థం కాదు. బాసు వాయించేవాణ్ణి కనుక ఈ పాట మీద పక్షపాతం ఉందనుకుంటే అనుకోండి.

ప్రశ్న వేసినవారి జవాబు – నిజామాబాద్ శ్రోత

ముగ్గురికీ ధన్యవాదాలు. మిక్సింగ్ గది గారు చెప్పినట్టు ‘ఐ వాక్ అలోన్’ను హెడ్‌ఫోన్లతో విన్నాను. చరణంలో ఆమె ఊపిరి తీసుకునే చప్పుడు కూడా వినబడుతోంది, అది స్పీకరులో నాకు ఎప్పుడూ వినబడలేదు. పల్లవిలో కోరస్ రెండు పక్కలకూ విచ్చుకుని, గొంతు నడిమధ్యలో నిలబడటం ఇప్పుడు స్పష్టంగా తెలిసింది. విజయవాడ బాసు గారి మాట విని ‘కియరాన్స్ వెల్’ను విడిగా కూడా విన్నాను, అది నాకు వెంటనే నచ్చింది.

రెండు అనుబంధ ప్రశ్నలు ఉన్నాయి. తగాదా వద్దని నేనే అన్నాను గాని, ‘ఐ వాక్ అలోన్’ అన్న పేరు చూస్తే అది బ్యాండుకు ఇచ్చిన జవాబేమో అనిపిస్తోంది. అలా వినడం సమంజసమేనా? రెండవది, ‘ఓయేసిస్’ అన్న పాట ఒక్కటే ఫిన్నిష్ భాషలో ఉంది. మాట ఒక్కటి కూడా అర్థం కాలేదు, కాని ఆల్బంలో నన్ను ఎక్కువ సేపు పట్టి ఉంచినది అదే. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు.

సమాధానం – కార్ల్స్‌రూహె వాసి

మొదటి ప్రశ్నకు. జవాబు పాటలు ఎక్కడ ఉన్నాయని వెతికితే అవి ఎక్కువగా అవతలి ఆల్బంలో కనిపిస్తాయి. ‘డార్క్ ప్యాషన్ ప్లే’లోని ‘బై బై బ్యూటిఫుల్’ తురునెన్ గురించి రాసినదని హోలోపైనెన్ దాచలేదు. మార్కో హియెతల పాడిన ‘మాస్టర్ ప్యాషన్ గ్రీడ్’ ఆమె భర్త, మేనేజరు అయిన మార్సెలో కబూలిని ఉద్దేశించినదని శ్రోతలు చాలాకాలంగా అనుకుంటున్నారు. కోపం వచ్చిన రచయిత చేతిలో కలం ఉంటే ఇలాంటివి తప్పవు. ‘ఐ వాక్ అలోన్’ సంగతి వేరు. అది బయటి రచయితల చేతుల మీదుగా వచ్చిన పాట. దాన్ని మొదటి సింగిల్‌గా ఎంచుకోవడంలో ఒక ప్రకటన ఉందని నేనూ ఒప్పుకుంటాను, ఆ పేరుతో ఆ సమయంలో పాట విడుదల చేస్తే ఎవరైనా అలాగే చదువుతారని ఆమెకూ, యూనివర్సల్ సంస్థకూ తెలియకుండా ఉండదు. అయితే పాటలోని మాటలు నిందలు కావు. శీతాకాలపు తుఫాను, ఒంటరి నడక ఉన్నాయి. ఎవరినీ పేరు పెట్టి వేలెత్తి చూపడం లేదు. ప్రత్యర్థిని వెతుక్కుంటూ వింటే పాట చిన్నదైపోతుంది.

కాలం కూడా ఈ తగాదాను చాలావరకు కరిగించింది. 2021 జనవరిలో హియెతల నైట్‌విష్ నుంచి తప్పుకున్నారు, 2024లో ఆయనా తురునెనూ కలిసి ‘లెఫ్ట్ ఆన్ మార్స్’ అనే యుగళగీతం పాడారు. 2005 నాటి లేఖ మీద సంతకం చేసిన నలుగురిలో ఆయన ఒకరు. అంతకు ముందే, 2013 అక్టోబరులో బెల్జియంలో జరిగిన ఒక మెటల్ ఉత్సవంలో ఆమె, ఆ నెలలోనే నైట్‌విష్‌కు పూర్తిస్థాయి గాయనిగా ప్రకటితురాలైన ఫ్లోర్ యాన్సెన్ ఒకే వేదిక మీద ‘ఓవర్ ది హిల్స్ అండ్ ఫార్ అవే’ పాడారు. ఇద్దరూ నవ్వుతూనే పాడారు. అభిమానుల వాదోపవాదాలు మాత్రం ఆ తరువాత కూడా ఆగలేదనుకోండి.

సమాధానం – పియానో టీచర్

‘ఓయేసిస్’ గురించి ఎవరూ ఏమీ అనలేదన్నారు కనుక నేను రాస్తున్నాను. పిల్లలకు పాశ్చాత్య సంగీతం నేర్పే నాకు మెటల్‌లో పెద్ద ప్రవేశం లేదు. ఒక విద్యార్థిని వినిపించగా ఈ ఆల్బం తెలిసింది.

ఆ పాట మిగిలిన వాటిలా పలువురు రచయితల మధ్య తయారైనది కాదు, తురునెన్ స్వయంగా కట్టుకున్నది. అది వినగానే తెలుస్తుంది. సింగిల్ కోసం రాసే పాటలో చరణం, దాన్ని పల్లవికి ఎక్కించే మెట్టు, ఆ తరువాత పల్లవి అన్న లెక్క ఉంటుంది. ఎక్కడ విచ్చుకోవాలో ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. ‘ఓయేసిస్’లో ఆ తొందర లేదు. బాణీ నెమ్మదిగా, దగ్గర దగ్గర స్వరాల మీద నడుస్తుంది, వాద్యాలు గొంతుకు చోటు వదిలి దూరంగా నిలబడతాయి. ఆమె శ్వాస ఎంతసేపు నిలబడుతుందో అంత పొడవున వాక్యం సాగుతుంది. పాట కట్టినవారూ పాడేవారూ ఒకరే అయినప్పుడు వాక్యం పొడవు ఊపిరికి సరిపోవడం సహజం. ఎవరో రాసిన పాటలో గాయకులు ఊపిరి కోసం చోట్లు వెతుక్కోవలసి వస్తుంది, శిక్షణ ఉన్నవారు ఆ వెతుకులాటను మనకు వినబడనివ్వరు, అంతే.

భాష సంగతి కూడా చెప్పాలి. ఫిన్నిష్‌లో ప్రతి మాటకూ మొదటి అక్షరం మీద ఒత్తు పడుతుంది, అచ్చులు ఎక్కువ, హ్రస్వ దీర్ఘాల తేడా స్పష్టంగా పలకాలి, ద్విత్వాక్షరాలు ఉంటాయి. తెలుగు చెవికి ఇవన్నీ పరిచయమైన లక్షణాలే కనుక, అర్థం తెలియకపోయినా ఆ పాట మనల్ని పట్టి ఉంచడంలో ఆశ్చర్యం లేదు. ఆమె ఇంగ్లీషు పాడేటప్పుడు అచ్చులను ఆపెరా పద్ధతిలో గుండ్రంగా చేయడం వల్ల మాటలు కొంచెం బరువెక్కుతాయి. సొంత భాషలో ఆ బరువు కనిపించదు. నైట్‌విష్ ‘వన్స్’లోని ‘కుఓలెమా తెకే తైతెయిలియన్’ కూడా ఫిన్నిష్ పాటే, దాన్నీ దీన్నీ ఒకదాని వెంట ఒకటి వినండి. రెండింటిలోనూ గొంతు అదే, భాష అదే, నెమ్మది కూడా అదే; మారినది పాట కట్టిన మనిషి మాత్రమే. మీ మొదటి ప్రశ్నలో అడిగిన తేడా ఏమిటో ఆ రెండు పాటల మధ్య మీకు మీరే పట్టుకోగలరు. నాకు ‘వన్స్’లోని పాట మెరుగైన రచనగా, ‘ఓయేసిస్’ ఆ గొంతుకు మెరుగైన వస్త్రంగా అనిపించాయి. హోలోపైనెన్ బాణీలో ఆర్కెస్ట్రా తలెత్తే చోటు ముందుగానే కనబడుతూ ఉంటుంది, అది ఆయన బలం కూడా. ‘ఓయేసిస్’ ఎటు పోతుందో చివరి వరకు తెలియదు.

విజయవాడ బాసు గారితో ఒక్క విషయంలో ఏకీభవిస్తాను: ‘పాయిజన్’ లేకపోయినా ఆల్బంకు లోటు ఉండేది కాదు. పాత్రల విషయంలో మాత్రం మరీ కఠినంగా ఉన్నారు. శాస్త్రీయ గానంలో శిక్షణ పొందినవారు పాటను ఒక పాత్రగా తీసుకుని పాడటం నేర్చుకుంటారు. ఆమె కుఓపియోలోని సిబేలియస్ అకాడమీలో, తరువాత జర్మనీలోని కార్ల్స్‌రూహె సంగీత విశ్వవిద్యాలయంలో చదివారు, 1999 చివర హెల్సింకిలోని జాతీయ ఆపెరాలో వాల్టరి అనే ఫిన్నిష్ మెటల్ బృందం చేసిన రాక్ బ్యాలేలో కూడా పాడారు. అటువంటి గాయని తన మొదటి సొంత మెటల్ ఆల్బంకు వేషాలు వేసుకోవడం ఆశ్చర్యం కాదు. తనవిగా చెప్పుకోవడానికి మాటలు ఇంకా కుదరని దశలో పాత్ర ఒక ఆసరా అవుతుంది.

సమాధానం – మిక్సింగ్ గది

పియానో టీచర్ గారి చివరి మాటకు ఆధారం తరువాతి ఆల్బంలో దొరుకుతుంది. 2010లో వచ్చిన ‘వాట్ లైస్ బినీత్’ నిర్మాణ బాధ్యతను ఆమే తీసుకున్నారు. వేషాలు తగ్గాయి, పాటలు పొడవయ్యాయి, గిటార్లు ముందుకు వచ్చాయి. ‘ఫాలింగ్ అవేక్’లో జో సాట్రియాని గిటారు వాయించారు, ‘యాంటీరూమ్ ఆఫ్ డెత్’లో డ్రమ్స్ తప్ప వేరే వాద్యాలు లేకుండా గొంతులతోనే మెటల్ పాడే జర్మన్ బృందం వాన్ కాంటో చేరింది. మైక్ టెరానా డ్రమ్స్ వల్ల మీరు వెతుకుతున్న బరువు చాలావరకు తిరిగి వచ్చింది. 2013 నాటి ‘కలర్స్ ఇన్ ది డార్క్’ మరికొంత ముందుకు వెళ్లింది, దానిలోని ‘విక్టిమ్ ఆఫ్ రిచువల్’ మెటల్ శ్రోతకు వెంటనే నచ్చే పాట.

అయితే ‘మై వింటర్ స్టార్మ్’ పాటల మీద మీకు ఇంకా సందేహం ఉంటే, స్టూడియో రూపాన్ని కాసేపు పక్కన పెట్టి, అర్జెంటీనాలోని రొసారియో నగరంలో ఎల్ సిర్కులో నాటకశాలలో 2012లో రికార్డు చేసిన ‘యాక్ట్ వన్’ వినండి. ‘ఐ వాక్ అలోన్’ అందులో ఉంది. ఆర్కెస్ట్రా స్థానంలో కీబోర్డు, చెల్లో మాత్రమే ఉండటంతో గిటార్లకు తప్పనిసరిగా పని పెరిగింది, గొంతు వాటితో నేరుగా తలపడవలసి వచ్చింది. ఆల్బంలో గిటారు వెనక్కి పోవడం పాట లక్షణమా, మిక్సింగ్ నిర్ణయమా అన్న సంగతి ఆ రెండు రికార్డింగులను పక్కపక్కన వింటే తేలిపోతుంది. నా ఓటు మిక్సింగ్‌కే. మీరు విన్నాక ఇక్కడే రాయండి, విజయవాడ బాసు గారు ఒప్పుకోరని తెలుసు.

సమాధానం – విజయవాడ బాసు

ఒప్పుకోను. రొసారియో రికార్డింగులో ‘ఐ వాక్ అలోన్’ మెరుగ్గా ఉందన్నంతవరకు సరే, కాని మంచి బ్యాండు వాయిస్తే సాధారణమైన పాట కూడా మెరుగ్గానే వినిపిస్తుంది. నిజామాబాద్ శ్రోత గారికి నా సలహా వేరు. పద్దెనిమిది ట్రాకుల్లో నుంచి ‘ఐ వాక్ అలోన్’, ‘లాస్ట్ నార్దర్న్ స్టార్’, ‘డై అలైవ్’, ‘బాయ్ అండ్ ది ఘోస్ట్’, ‘ఓయేసిస్’, ‘అవర్ గ్రేట్ డివైడ్’, ‘కియరాన్స్ వెల్’, ‘కాలింగ్ గ్రేస్’ అన్న ఎనిమిదింటినీ ఇదే వరుసలో పెట్టుకుని వినండి. 2007లో ఎవరైనా ఆమెకు ఆ కత్తెర అందించి ఉంటే, ఈ చర్చలో నేను ఇంత రాయవలసిన అవసరం ఉండేది కాదు.